సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు

వజ్రపుకొత్తూరు నుంచి ఇచ్ఛాపురం దాకా పరుచుకున్న ఉద్దానం కొబ్బరి, జీడి తోటల సీమ. వలసల సీమ కూడా. గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు, ఓడల మీద పనికి ఎక్కినవాళ్లు, సైన్యంలో ఉన్నవాళ్లు సెలవు దొరికినప్పుడే ఊరు చేరతారు. వాళ్లు ముచ్చటపడి కొన్న బండి అంతవరకూ షెడ్డులోనో, తోటలో టార్పాలిన్ కిందో ఉండిపోతుంది. ఆరు నెలల తర్వాత వచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోదు. ఒకవేళ అందుకున్నా, పదిసార్లు సెల్ఫ్ కొట్టించుకుని, నల్లపొగ వదిలి, కాసేపు మొరాయించి ఆ తర్వాతే కుదురుకుంటుంది.

అది టర్బో బండి అయి, పైగా ఎవరో నగరంలో పెద్ద టర్బో, పెద్ద ఇంజెక్టర్లు బిగించి కంప్యూటర్‌ను రీమ్యాప్ చేసిన (అంటే ఇంధనం పోసే లెక్కలు తిరగరాసిన) బండి అయితే, చుట్టూ చేరినవాళ్ల నోట ముందుగా వచ్చే మాట “టర్బో పోయింది” అనే. ఆ మాట నమ్మి వేలకు వేలు పోసి టర్బో విప్పించినవాళ్లు ఉన్నారు. స్టార్టింగ్ సమస్యలో అనుమానించాల్సిన వాటిలో టర్బోది చిట్టచివరి స్థానం. ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది.

ఇంజిన్ నుంచి బయటికి పోయే వేడి పొగతో ఒక చక్రాన్ని తిప్పి, ఆ చక్రంతోనే లోపలికి వచ్చే గాలిని నొక్కి పంపాలనే ఆలోచనకు స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బూహి 1905లో పేటెంట్ తీసుకున్నాడు. మామూలు జనం కొనుక్కునే కార్లలోకి అది అమెరికాలో 1962లో వచ్చింది. సూత్రం నేటికీ అదే: పొగ ప్రవాహం ఉంటేనే టర్బో పని చేస్తుంది. ఇప్పుడు 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజిన్‌ను తీసుకోండి. సెల్ఫ్ మోటారు దాన్ని నిమిషానికి సుమారు 200 చుట్లు తిప్పుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి గాలి పీల్చుకుంటుంది కాబట్టి, నిమిషానికి దాని గుండా వెళ్లే గాలి మహా అయితే 180 లీటర్లు. అదే ఇంజిన్ 6,000 చుట్ల మీద, బూస్ట్ (టర్బో నొక్కిపంపే గాలి) లేకుండానే, 5,400 లీటర్లు పీలుస్తుంది. అంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు టర్బోకు అందేది ముప్పయ్యో వంతు గాలి, అది కూడా మండని చల్లగాలి. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగాల్సిన చక్రం ఆ గాలికి కదిలినా కదలకపోయినా ఇంజిన్‌కు తేడా ఉండదు. టర్బో పూర్తిగా బిగుసుకుపోయిన బండి కూడా స్టార్ట్ అవుతుంది. రోడ్డెక్కాక లాగదు, అంతే.

అందువల్ల సెల్ఫ్ కొట్టే ఆ కొద్ది క్షణాలను మనం విడిగా చూడాలి. అప్పుడు ఇంజిన్‌కు కావలసినవి సరిపడా వేగంతో తిరగడం, తగుపాటి పెట్రోలు, సమయానికి నిప్పురవ్వ, సిలిండర్లో ఒత్తిడి. నిలిపి ఉంచిన కాలం వీటిలో కొన్నిటినే దెబ్బతీస్తుంది. మార్పులు చేసిన చేయి మరికొన్నిటిలో కంపెనీ వదిలిన వెసులుబాటును తినేస్తుంది. ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో అక్కడే బండి మొండికేస్తుంది. ఆ చోటును పట్టుకోవడమే రోగనిర్ణయం.

మొదటి పరికరం చెవి. సెల్ఫ్ టకటకమని ఆగిపోతోందా, మూలుగుతూ నెమ్మదిగా తిరుగుతోందా, హుషారుగా తిరుగుతూ కూడా ఇంజిన్ అందుకోవడం లేదా? మొదటి రెండూ కరెంటు జబ్బులు. మూడోదానికే పెట్రోలు, ప్లగ్గుల వైపు చూడాలి. చాలామంది ఈ తేడా వినకుండానే స్పానర్ పట్టుకుంటారు.

రెండో పరికరం, కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటర్. నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 అంటే సగం ఖాళీ. 12.0 అంటే పావు వంతే మిగిలింది. తాళం తీసేసినా కారు పూర్తిగా నిద్రపోదు. అలారం, గడియారం, కంప్యూటర్ జ్ఞాపకం కలిపి 50 మిల్లీ ఆంపియర్ల దాకా తాగడం మామూలే. రోజుకు 1.2 ఆంపియర్ అవర్ల లెక్కన 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 37 రోజుల్లో అడుగంటుతుంది. మార్పులు చేసిన బండిలో బూస్ట్ గేజ్, జీపీఎస్ ట్రాకర్, ఆంప్లిఫయర్ లాంటివి నేరుగా బ్యాటరీకి కలిపి ఉండి, మరో 100 మిల్లీ ఆంపియర్లు లాగుతుంటే పన్నెండు రోజులు చాలు. ఖాళీగా పడి ఉన్న బ్యాటరీలో సీసపు పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి, మళ్లీ చార్జ్ చేసినా పూర్తి బలం రాదు. అందుకే చార్జ్ పెట్టి 12.6 చూడగానే సంతోషించకూడదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా మీటర్ చూడాలి. అప్పుడు 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీ నీరసించిందని అర్థం. జారకుండానే సెల్ఫ్ మూలుగుతుంటే తీగల దారిలో ఎక్కడో అడ్డంకి ఉండవచ్చు.

ఆ అడ్డంకి దగ్గర కాస్త ఆగాలి. ఉద్దానం లాంటి తీరానికి ప్రత్యేకమైన సంగతి ఇదే. సముద్రపు నురుగు నుంచి లేచే సన్నని తుంపరలు గాలిలో తేలివచ్చి దేనిమీదైనా ఉప్పుపొరగా దిగుతాయి. వంటింటి ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, ఆ తేమను లాక్కుని తానే నీరవుతుంది. వానాకాలం డబ్బాలో ఉప్పు చెమర్చడం మనకు తెలిసిందే. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దానికి 33 శాతం తేమ సరిపోతుంది. భావనపాడు వైపు గానీ, బారువ వైపు గానీ గాలి అంత పొడిగా ఉండే రోజులు అరుదు. అంటే ఆ పొర ఇంచుమించు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. రాగి తీగ చివర పచ్చగా పొడి పేరుకునేది ఇలాగే. ఉప్పు తీరం దగ్గర చిక్కగా పడి, లోపలికి వచ్చేకొద్దీ వేగంగా పలచబడుతుంది. అందువల్ల తీరానికి దూరంగా కాశీబుగ్గ షెడ్డులో ఉన్న కారుకూ వజ్రపుకొత్తూరు ఇసుకలో ఉన్న కారుకూ ఒకే స్థాయి తుప్పు ఉండదు. తుపాను వచ్చిందంటే ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలంలో పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 140 కిలోమీటర్లకు పైబడిన గాలి వీచింది. అలాంటి గాలి ఉప్పునీటిని ఎంతో లోపలికి మోసుకొస్తుంది. బండిని నిండుగా కప్పిన టార్పాలిన్ వానను ఆపుతుంది గానీ కింద నుంచి లేచే నేల తేమను లోపలే బంధిస్తుంది. గాలి ఆడే నీడ మేలు.

తుప్పు ఇంజిన్‌ను ఎలా ఆపుతుందో అంకెల్లో చూడండి. సెల్ఫ్ మోటారు సుమారు 150 ఆంపియర్ల కరెంటు లాగుతుందనుకుందాం. ఎర్త్ తీగ బిగించిన బోల్టు కింద తుప్పు వల్ల ఓమ్‌లో నూరో వంతు నిరోధం చేరిందనుకుందాం. ఓమ్ సూత్రం ప్రకారం 150ని 0.01తో గుణిస్తే ఒకటిన్నర వోల్టు అక్కడే వేడిగా పోయింది. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ దగ్గర 10.5 ఉంటే ఇంజిన్‌కు చేరేది 9. ఇంత చిన్న నిరోధాన్ని మామూలు మల్టీమీటర్ ఓమ్‌లలో చూపించలేదు. తీగ కొనలు ముట్టించి చూస్తే బాగానే ఉందంటుంది. అందుకే పని చేస్తున్నప్పుడు వోల్టేజి కొలవాలి. మీటర్ ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్ పోల్ మీద, రెండోది ఇంజిన్ బ్లాకు మీద పచ్చి ఇనుము కనిపించే చోట పెట్టి, సెల్ఫ్ కొట్టమనాలి. అర వోల్టు దాటి చూపిస్తే నేరస్థుడు దొరికినట్టే. బోల్టు విప్పి, ఎమెరీ కాగితంతో మెరిసేలా రుద్ది, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూస్తే సరి. విడిభాగం ఏదీ కొనకుండా బాగుపడే ఈ జబ్బును, నా అభిప్రాయంలో, తీరప్రాంతపు ప్రతి మెకానిక్ మొట్టమొదట పరీక్షించాలి.

సెల్ఫ్‌కు సంబంధం లేకపోయినా ఇక్కడే ఒక మాట. నెలల తరబడి నిలిచిన బండి తోసినా కదలకపోతే బ్రేకు ప్యాడ్లు డిస్కు తుప్పుకు అంటుకుని ఉండవచ్చు.   

సెల్ఫ్ హుషారుగా తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే ఇక బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ తగిలించాలి. లోపాల కోడ్‌లు చదివి ఆగిపోకుండా రెండు అంకెలు చూడాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఇంజిన్ వేగం 200 దరిదాపుల్లో కనబడాలి. సున్నా చూపిస్తే క్రాంక్ సెన్సర్ నుంచి సంకేతం రావడం లేదు. ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు తెలియదు కాబట్టి అది పెట్రోలూ ఇవ్వదు, రవ్వా ఇవ్వదు. తీగను ఎలుక కొరికిందేమో చూడాలి. జీడిపిక్కలు, కొబ్బరికాయలు నిల్వ చేసే చోట ఎలుకలకు కొదవ ఉండదు. రెండోది కూలెంట్ ఉష్ణోగ్రత. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌లో కూలెంటూ లోపలికొచ్చే గాలీ ఒకే వేడి చూపాలి, అది బయటి వేడికి దగ్గరగా ఉండాలి. డిసెంబరు ఉదయం టెక్కలిలో ఇరవై డిగ్రీలు ఉంటే స్కానర్‌లో కూలెంట్ సున్నాకు దిగువన కనబడుతోందంటే, సెన్సర్ కనెక్టర్‌లో తుప్పు చేరిందని అనుమానించాలి. చల్లబడేకొద్దీ నిరోధం పెరిగే రకం సెన్సర్ అది. తుప్పు కలిపిన అదనపు నిరోధాన్ని కంప్యూటర్ గడ్డకట్టే చలిగా పొరబడి, హిమాలయాల్లో పోయాల్సినంత పెట్రోలు ఉద్దానంలో పోస్తుంది. ప్లగ్గులు తడిసిపోతాయి.

పెట్రోలు ఎక్కువైందా, తక్కువైందా తేల్చడానికి ఖర్చులేని రెండు పరీక్షలున్నాయి. సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ చేసి, పంపు జుయ్ మని ఆగేదాకా రెండు సెకన్లు విని, ఆఫ్ చేసి, ఇలా రెండు మూడుసార్లు చేశాక సెల్ఫ్ కొట్టాలి. ఇప్పుడు వెంటనే అందుకుంటే గొట్టాల్లో ఒత్తిడి దిగిపోతోందన్నమాట: పంపులోని చెక్ వాల్వు గానీ, కారే ఇంజెక్టర్ గానీ కారణం. రెండో పరీక్షలో యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. చాలా బండ్లలో అప్పుడు కంప్యూటర్ పెట్రోలును ఆపేసి గాలి మాత్రమే పంపుతుంది. అలా అందుకుంటే సిలిండర్లు పెట్రోలుతో నిండిపోయాయన్నమాట. ఇంజిన్ ఆయిల్ గేజి పుల్లను తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన కొట్టినా, ఆయిల్ మట్టం పెరిగినట్టున్నా ఇంజెక్టర్ కారుతోందని అనుమానించాలి. ఆ ఆయిల్ మార్చకుండా బండి నడపకూడదు. పలచబడిన ఆయిల్ టర్బో బేరింగ్‌ను కాపాడలేదు.

పెట్రోలు కూడా ముసలిదవుతుంది. అది ఒకే పదార్థం కాదు, తేలిగ్గా ఆవిరయ్యేవీ కష్టంగా ఆవిరయ్యేవీ కలిసిన మిశ్రమం. తేలికవే ముందు ఎగిరిపోతాయి. చల్లటి ఇంజిన్‌లో మొదటి మంట అందుకోవడానికి అవసరమైనవీ అవే. మిగిలినది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా జిగురవుతుంది. ఇక ఇథనాల్ సంగతి. దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది, 2025 కల్లా 20 శాతం మిశ్రమం లక్ష్యాన్ని చేరామని ప్రభుత్వం ప్రకటించింది. ఇథనాల్ నీటితో చెలిమి చేస్తుంది. నీరు హద్దు దాటితే ఇథనాల్‌ను వెంటబెట్టుకుని ట్యాంకు అడుగుకు దిగుతుంది. పంపు నోరు ఉండేదీ అక్కడే. అయితే గాలిలోని తేమ ఒక్కటే మూసిన ట్యాంకులో ఇంత పని చేస్తుందన్న భయం అతిగా ప్రచారమైంది. సీలు పోయిన మూతలోంచి దిగిన వాననీరు, తుపానులో చేరిన నీరు అసలు ముప్పు. ఆరుబయట, నిప్పుకు దూరంగా, కొంచెం పెట్రోలును గాజు సీసాలోకి తీసి అరగంట ఉంచితే అడుగున పొర ఉందో లేదో కంటికే తెలుస్తుంది.

రీమ్యాప్ చేసిన బండికి ఇథనాల్‌తో ఇంకో పేచీ ఉంది. పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. 20 శాతం కలిస్తే ఇది 13.6 దగ్గర పడుతుంది. అంటే అదే గాలికి ఇంధనం కాస్త ఎక్కువ పోయాలి. ఇంజిన్ వేడెక్కాక ఆక్సిజన్ సెన్సర్ ఈ తేడాను సరిదిద్దుకుంటుంది. కానీ ఆ సెన్సర్ సుమారు 300 డిగ్రీలకు వేడెక్కితే తప్ప మాట్లాడదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు కంప్యూటర్‌కు దిక్కు మ్యాపులో రాసి ఉన్న అంకెలే. పాత పెట్రోలుతో 2019లో రాసిన మ్యాపు అయితే ఆ అంకెలు ఇవాళ్టి పెట్రోలుకు చాలవు.

అన్నిటికంటే లోతైన చిక్కు పెద్ద ఇంజెక్టర్లలో ఉంది. ఇంజెక్టర్ ఒక విద్యుదయస్కాంత కవాటం. ఆజ్ఞ అందిన వెంటనే తెరుచుకోదు, కొంత ఆలస్యం ఉంటుంది. మ్యాపులు రాసే ట్యూనర్లు దాన్ని డెడ్ టైమ్ అంటారు. 14 వోల్టులు అందుతున్నప్పుడు అది ఒక మిల్లీసెకను ఉంటే, 9, 10 వోల్టుల దగ్గర దాదాపు రెట్టింపు కావచ్చు. ఇంజెక్టర్ రకాన్ని బట్టి అంకెలు మారతాయి. కంపెనీ మ్యాపులో వోల్టేజికి తగ్గ సవరణ పట్టిక ఉంటుంది. ఇంజెక్టర్లు మార్చినప్పుడు ఆ పట్టిక కూడా మార్చాలి. మార్చకపోతే ఏం జరుగుతుంది? బండి రోజూ తిరుగుతూ బ్యాటరీ గట్టిగా ఉన్నంతకాలం ఏమీ జరగదు. ఆరు నెలలు ఆగి, వోల్టేజి పడిపోయి, ఎర్త్ దగ్గర ఒకటిన్నర వోల్టు పోయిన నాడు కంప్యూటర్ లెక్కించిన పెట్రోలుకూ నిజంగా పడే పెట్రోలుకూ పొంతన ఉండదు. పెద్ద ఇంజెక్టర్ కాబట్టి తప్పు కూడా పెద్దదే. పైగా సెల్ఫ్ సమయంలో గాలి ప్రవాహం నమ్మకంగా కొలవలేనంత తక్కువ కనుక చాలా కంప్యూటర్లు కూలెంట్ వేడిని బట్టి ఒక ప్రత్యేక పట్టికలోంచి పెట్రోలు పోస్తాయి. ట్యూనర్ రోడ్డు మీద లాగుడు చూసి డబ్బులు తీసుకుంటాడు. చల్లటి ఇంజిన్ మీద ఉదయం స్టార్టింగ్ పట్టికను సరిచూడాలంటే బండిని రాత్రంతా చల్లారనివ్వాలి, అలా చాలా ఉదయాలు కావాలి. ఆ ఓపిక చూపేవారు తక్కువ.

ప్లగ్గుల విషయం తొందరగా చెప్పుకోవచ్చు. బూస్ట్ పెంచిన ఇంజిన్‌లో ఒత్తిడి ఎక్కువ కనుక రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. అందుకని గ్యాప్‌ను 0.7 మిల్లీమీటర్ల దరికి తగ్గిస్తారు, వేడిని త్వరగా వదిలే చల్ల రకం ప్లగ్గులు వేస్తారు. ప్లగ్గు తన మసిని తానే కాల్చుకోవాలంటే దాని కొన సుమారు 450 డిగ్రీలు దాటాలి. నిలబెట్టి నెమ్మది వేగంలో ఉంచిన బండిలో చల్ల రకం ప్లగ్గు ఆ వేడికి చేరదు, మసి మిగిలిపోయి రవ్వ సరిగా దూకదు.

ఇన్ని దాటాకే సిలిండర్ ఒత్తిడి కొలిచే వంతు. నిల్వ ఉన్న బండిలో రింగులు పట్టేసినా, వాల్వు ఇరుక్కున్నా ఏదో ఒక సిలిండర్ మిగతావాటి కంటే బాగా తక్కువ చూపిస్తుంది. డీజిల్ టర్బో అయితే స్పార్క్ ప్లగ్గుల బాధ లేదు గానీ గొట్టాల్లో గాలి చేరడం, ఫిల్టర్‌లో నీరు నిలవడం ముందు చూడాలి. కామన్ రైల్ బండిలో సెల్ఫ్ కొట్టేటప్పుడు రైలు ఒత్తిడి 200 బార్ల దరికి రాకపోతే కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవదు. స్కానర్ ఆ అంకె చూపిస్తుంది.

సెల్ఫ్‌ను పది సెకన్లకు మించి ఒకేసారి కొట్టకండి, మధ్యలో మోటారును చల్లారనివ్వండి. ఇంజిన్ అందుకున్నాక రేజ్ చేయకండి. నెలల విశ్రాంతిలో టర్బో బేరింగ్ నుంచి ఆయిల్ జారిపోయి ఉంటుంది. ఒక నిమిషం నెమ్మది వేగంలో ఉంచితే మళ్లీ అందుతుంది. టర్బోను కాపాడాల్సిన సమయం ఇదే, స్టార్ట్ అయ్యాక.

మార్పులు చేయించాలనుకునే కుర్రాళ్లకు చట్టం కూడా తెలియాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించినదానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

ఇక ఊరు విడిచి వెళ్లేవాళ్లకు ఒక విన్నపం. “వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచరా” అని తమ్ముడికి చెప్పి ఓడెక్కే అలవాటు మానండి. ఆ ఐదు నిమిషాల్లో సెల్ఫ్ తాగిన కరెంటు బ్యాటరీకి పూర్తిగా తిరిగి చేరకపోవచ్చు, ప్లగ్గులు మసి పట్టుకుంటాయి, మంటలో పుట్టిన నీరు ఆయిల్‌లో, సైలెన్సర్‌లో మిగిలిపోతుంది. నడపగలిగితే పక్షానికోసారి పలాస నుంచి టెక్కలి దాకా హైవే మీద పోయి రమ్మనండి. నడిపేవాళ్లు లేకపోతే ట్యాంకు నింపి, బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి వెళ్లండి. మార్పులు చేయించిన బండి అయితే, డబ్బు కట్టేటప్పుడే ట్యూనర్ దగ్గర ఇంజెక్టర్ సైజు, డెడ్ టైమ్ పట్టిక, ప్లగ్గు రకం, గ్యాప్, మ్యాపు రాసిన తేదీ, ఏ పెట్రోలు మీద రాశాడో ఒక కాగితం మీద రాయించుకోండి. దాన్ని కారు సొరుగులోనే ఉంచండి. కాశీబుగ్గ మెకానిక్‌కు ఆ కాగితం ఏ స్కానర్ కన్నా ఎక్కువ చెబుతుంది.